తరగతి గదిలో స్వీయచరిత్రలు

నూజివీడు ప్రాంతపు బడుల్లో పని చేసిన ఉపాధ్యాయులందరికీ అనుభవంలో ఉన్న సంగతి ఒకటున్నది. మాఘమాసం దాటి మామిడి పిందె గోలీకాయంత అయ్యేసరికి తరగతిలో వెనుక వరుసలు పలచబడతాయి. తోటలో కాపలా గుడిసె వేసుకున్న తండ్రికి అన్నం తీసుకుపోయేవాడు ఒకడు, కోతులను తోలడానికి పోయేవాడు ఇంకొకడు. సంవత్సరాంత పరీక్షలు, కాయకోత ఇంచుమించు ఒక్కసారే వచ్చి మీదపడతాయి. ఆ రోజుల్లో కొత్త పాఠం మొదలుపెట్టడం వృథా ప్రయాస. అందువల్ల నేను గ్రంథాలయపు బీరువాలోంచి ఏదో ఒక పుస్తకం తీసి చదివి వినిపించేవాడిని. ఎక్కువ సార్లు అది ఎవరో ఒక మహనీయుని స్వీయచరిత్ర అయి ఉండేది.

1996లో అటువంటి ఒక మధ్యాహ్నం, తొమ్మిదవ తరగతిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి బాల్యం గురించి చెబుతున్నాను. వీధిబడి, అరుగు, ఇసుకలో దిద్దిన ఓనమాలు, తాటాకు, గంటం, అల్లరి పిల్లలకు వేసే కోదండం — ఇవన్నీ నాకు చేతనయినంత రసవత్తరంగా వర్ణిస్తున్నాను. పిల్లలు నవ్వుతున్నారు. ఆనాడు తోటకు పోకుండా బడికి వచ్చిన ఒక పిల్లవాడు వెనుక వరుసలో లేచి నిలబడ్డాడు. వాడు దళితవాడ నుంచి వచ్చేవాడు. వాడి తాత ఒక ఆసామి తోటలో జీవితమంతా కాపలా ఉన్నవాడు.

"మాస్టారూ, ఆ అరుగు మీద మా తాతల తాతలు ఎక్కడ కూర్చునేవాళ్ళండీ?" అని అడిగాడు.

వాడి గొంతులో ఎగతాళి లేదు, కోపమూ లేదు. తెలుసుకోవాలని అడిగాడు, అంతే. నేను భాషాప్రవీణ చదివినవాడిని, పండిత శిక్షణ పొందినవాడిని. అప్పటికి పదేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాడిని. నాకు వెంటనే జవాబు తోచలేదు. "కూర్చోరా, రేపు చెబుతాను" అన్నాను. ఆ రేపు రావడానికి చాలా కాలం పట్టింది. ఈ వ్యాసం ఒక విధంగా ఆ జవాబే.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అంతవరకు స్వీయచరిత్రలను నేను నీతికథలుగా చెప్పేవాడిని. కష్టపడి చదివి గొప్పవాడైన ఒక మహానుభావుడు, ఆయనను చూసి మనం నేర్చుకోవలసిన గుణాలు — ఇదే నా పాఠం. పరీక్షలో ప్రశ్న కూడా అటువంటిదే: ఫలానా వారి గుణగణాలను వివరింపుము. పిల్లలు పట్టుదల, సత్యసంధత, దేశభక్తి అని మూడు మాటలు కంఠస్థం చేసేవారు. మహనీయుడు మారినా ఆ మూడు మాటలు మారేవి కావు. ఒక మనిషి బతికిన బతుకు వాళ్ళ చెవికి సోకేది కాదు. బాలురకు దండకం ఒప్పజెప్పించినట్లు నేను జీవితాలను ఒప్పజెప్పించాను.

ఇక పిల్లవాడి ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే రెండు రకాల ఆధారాలున్నాయి. ఒకటి దొరల కాలపు లెక్కలు, రెండవది స్వయంగా అనుభవించినవారి మాటలు.

లెక్కల సంగతి చూద్దాం. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ప్రతి జిల్లా కలెక్టరునూ తన జిల్లాలోని దేశీయ పాఠశాలల వివరం పంపమని ఆదేశించాడు. ఆ వివరాలన్నీ క్రోడీకరించి 1826లో ఆయన రాసిన పత్రం ప్రకారం రాజధాని మొత్తంలో 12,498 పాఠశాలలు ఉన్నాయి. అప్పటికి కృష్ణా జిల్లా ఏర్పడలేదు. మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేసింది 1859లో. కాబట్టి మన నూజివీడు జమీందారీ అప్పటి మచిలీపట్నం జిల్లాలోనిది. కలెక్టర్లకు పంపిన నమూనా పట్టికలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, తక్కిన కులాలవారు, మహమ్మదీయులు అని గడులు గీశారు. మగపిల్లలకు ఒక లెక్క, ఆడపిల్లలకు ఒక లెక్క. తమిళ జిల్లాలతో పోల్చి చూస్తే తెలుగు జిల్లాల బడుల్లో బ్రాహ్మణ విద్యార్థుల పాలు హెచ్చు. ఆడపిల్లల సంఖ్య దాదాపు అన్నిచోట్లా అత్యల్పం.

అంటే పిల్లవాడి తాతల తాతలకు ఆ పట్టికలో మిగిలింది "తక్కిన కులాలవారు" అనే గడి ఒక్కటే. ఆ గడిలోనయినా వాళ్ళున్నారా, లేక వేరే కులాలవారే ఉన్నారా అన్నది అంకె చెప్పదు. అంకెకు ముఖం ఉండదు. బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక కొంత నయం. పిల్లలు తమకు అర్థం కాని కావ్యభాషలోని పద్యాలను వల్లె వేస్తున్నారని, నోటికి వచ్చినదానికి భావం తెలియదని అందులో ఉన్నది. ఇదయినా బయట నిలబడి చూసినవాడు రాసినది. లోపల కూర్చున్నవాడికి ఎట్లా ఉండేదో తెలియాలంటే స్వీయచరిత్రల దగ్గరకు పోవలసిందే.

తెలుగువారిలో ఆ పని మొదట చేసినవారు వెన్నెలకంటి సుబ్బారావుగారు (1784–1839). ఒంగోలు ప్రాంతంలో పుట్టి, అనేక భాషలు నేర్చి, మద్రాసు సదరు అదాలతు న్యాయస్థానంలో అనువాదకులుగా పని చేశారు. ఆయన తన జీవితాన్ని ఇంగ్లీషులో రాసుకున్నారు. అది ఆయన కాలం చేసిన చాలా ఏళ్ళకు, 1873లో, మద్రాసులో అచ్చయింది. తెలుగువాడు రాసిన తొలి స్వీయచరిత్ర తెలుగులో లేకపోవడం విచిత్రమే. అంతకన్న మనకు ముఖ్యమైన సంగతి మరొకటున్నది. ఆయన 1820లో మద్రాసు పాఠ్యపుస్తక సంఘంలో సభ్యులు. ఆ సంఘానికి సమర్పించిన నివేదికలో, మన బడుల్లో పిల్లలు అర్థం తెలియకుండా చదువుతున్నారని విచారపడ్డారు. అది చదివిననాడు నాకు సిగ్గు వేసింది. 1820లో సుబ్బారావుగారు బాధపడిన పనినే నేను 1996లో ఆయన వంటివారి జీవితాలతోనే చేయిస్తున్నాను.

తెలుగు వచనంలో స్వీయచరిత్రకు ఒక రూపం ఏర్పరచినవారు వీరేశలింగం పంతులుగారు (1848–1919). స్వీయచరిత్రము మొదటి భాగం 1911లో, రెండవ భాగం 1915లో వెలువడ్డాయి. అయిదవ ఏట వీధిబడిలో చేరి బాలరామాయణం, ఆంధ్రనామసంగ్రహం, అమరం, సుమతి శతకం, కృష్ణ శతకం వంటివి చదివారు. పన్నెండవ ఏట ఇంగ్లీషు చదువు కోసం రాజమహేంద్రవరం జిల్లా పాఠశాలలో చేరారు. అరుగు మీది చదువు నుంచి బల్ల మీది చదువుకు ఒక తరం ఎట్లా దాటిందో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. పైగా ఆయన వృత్తిరీత్యా మనవారే, బడిపంతులు. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. ఆ సంవత్సరమే వివేకవర్ధని పత్రిక ప్రారంభించారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు.

ఆ వివాహ ఘట్టాన్ని తరగతిలో చదివించేటప్పుడు నేను తరువాతి రోజుల్లో ఒక పద్ధతి అవలంబించాను. చదవడం అయిన తరువాత పిల్లలను మూడు ప్రశ్నలు అడిగేవాడిని. ఇది ఎవరు చెబుతున్నారు? ఎప్పుడు, ఎవరి కోసం చెబుతున్నారు? ఆ రోజు అక్కడ ఉండి కూడా మనకు చెప్పనివారు ఎవరు? మూడవ ప్రశ్నకు పిల్లలు త్వరగానే జవాబు పట్టుకునేవారు. వధూవరులు చెప్పలేదు. బహిష్కరించిన ఊరివారు చెప్పలేదు. పోలీసు బందోబస్తుకు వచ్చిన జవాను చెప్పలేదు. అన్నింటికన్న ముఖ్యంగా పంతులుగారి సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు చెప్పలేదు. బహిష్కారం వల్ల వంటవారు, నీళ్ళు తెచ్చేవారు మానివేస్తే గోదావరి నుంచి నీళ్ళు మోసి, వండి వడ్డించినది ఆమె. ఆమెకు స్వీయచరిత్ర లేదు. ఆమె మనకు తెలిసినది ముఖ్యంగా భర్త కలం ద్వారానే.

"ఆ రోజును రాజ్యలక్ష్మమ్మగారు చెప్పినట్లు రాయండి" అని ఇంటిపని ఇచ్చేవాడిని. ఒక అమ్మాయి అంతా రాసి చివర ఒక్క వాక్యం చేర్చింది. బిందె ఎత్తుకున్న నడుము ఎంత నొప్పి పుట్టిందో ఆయనకు చెప్పలేదని. పంతులుగారి మీద గౌరవం ఆ వాక్యంతో తగ్గదు. ఆ ఇంట్లో ఇద్దరు సంస్కర్తలుండేవారని తరగతికి తెలిసింది.

ఒకే విషయాన్ని నలుగురి జీవితాల్లో పక్కపక్కన పెట్టి చదివించడం నేను నేర్చుకున్న రెండవ పద్ధతి. ఉదాహరణకు, చదువుకు అడ్డు వచ్చినదేమిటి అన్న ప్రశ్న. టంగుటూరి ప్రకాశం పంతులుగారి (1872–1957) "నా జీవిత యాత్ర"లో ఆ అడ్డు పేదరికం. తండ్రి పోయిన తరువాత తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను సాకారు. పరీక్ష ఫీజు మూడు రూపాయలు పుట్టక ఆమె పట్టుబట్ట తాకట్టు పెట్టవలసి వచ్చింది. ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు అనే ఉపాధ్యాయుడు చేరదీసి రాజమహేంద్రవరం తీసుకుపోకపోతే ఆంధ్రకేసరి అనే మాటే ఉండేది కాదేమో. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి (1891–1961) "అనుభవాలూ జ్ఞాపకాలూనూ"లో అడ్డు వేరు. సంస్కృతమే విద్య అని నమ్మిన పండిత కుటుంబంలో తెలుగు మీద మక్కువ పెంచుకోవడమే అక్కడ అపరాధం. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారికి (1867–1946) చిన్ననాటి నుంచి చూపే అడ్డు. పూర్తిగా కళ్ళు పోయిన తరువాత తన స్వీయచరిత్రను నోటితో చెప్పి రాయించారు. ఈ చివరి సంగతి పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి, మళ్ళీ పని పడుతుంది.

ఈ ముగ్గురికీ కష్టాలున్నాయి కాని బడి గుమ్మం దగ్గర వీరిని ఎవరూ ఆపలేదు. ఆపినవారి కథ కావాలంటే గుఱ్ఱం జాషువాగారి (1895–1971) దగ్గరకు రావాలి. వినుకొండలో యాదవ తండ్రికి, మాదిగ తల్లికి పుట్టిన ఆ మహాకవి బడిలో, ఊరిలో పడిన అవమానాలను "నా కథ" పేర పద్యాలలోనే చెప్పుకున్నారు. బడిలో తనను దూరం పెట్టిన విద్యనే పట్టుబట్టి నేర్చి, గుంటూరులో తెలుగు పండితులుగా పని చేశారు. 1941లో గబ్బిలం కావ్యం ప్రకటించారు. నేను గబ్బిలం పాఠం ఎన్నోసార్లు చెప్పాను. అలంకారాలు చెప్పాను, యతిప్రాసలు గుర్తింపజేశాను. ఆ కవి తన జీవితాన్ని వేరే చెప్పుకున్నారని, అది కూడా ఆ పాఠం పక్కన ఉండవలసినదని నాకు తోచలేదు. పిల్లవాడి ప్రశ్నకు జవాబు నా బీరువాలోనే ఉన్నది. తాళం నా దగ్గరే ఉన్నది.

ఆడపిల్లల కోసం వెతికితే ఏడిదము సత్యవతిగారి "ఆత్మచరితము" కనబడింది. 1934 నాటిది. తెలుగు స్త్రీలు రాసుకున్న తొలి ఆత్మకథగా దానిని చెబుతారు. వీరేశలింగంగారి మొదటి భాగానికి ఇరవై మూడేళ్ళ తరువాత! ఆ ఇరవై మూడేళ్ళ దూరమే తరగతిలో ఒక పాఠం. ఇటీవలి కాలంలో ఈ బీరువా కొంత నిండింది. వై.బి. సత్యనారాయణగారు తమ కుటుంబం మూడు తరాల కథను 2011లో ఇంగ్లీషులో రాశారు. తెలుగులో అది "మా నాయన బాలయ్య"గా వచ్చింది. రైల్వేలో చిన్న ఉద్యోగం చేసిన తండ్రి పిల్లలను ఎట్లా చదివించాడో అందులో ఉన్నది. 2017లో సుజాత గిడ్ల అమెరికా నుంచి ఇంగ్లీషులో ప్రచురించిన "యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్" మనకు కూతవేటు దూరంలోని గుడివాడ దళితవాడను, శివసాగర్‌గా ప్రసిద్ధుడైన ఆమె మేనమామ కె.జి. సత్యమూర్తిని, ఆమె తల్లిని లోకం ముందు నిలబెట్టింది.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రచురించిన ఆత్మకథ అక్కడి బడుల్లో నేటికీ పాఠ్యం. యజమానురాలు అక్షరాలు నేర్పబోతే, చదువు వస్తే బానిస చేయిజారిపోతాడని యజమాని ఆపించాడు. ఆ మాట వినడం వల్లనే చదువు విలువ తనకు తెలిసిందని డగ్లస్ చెప్పుకున్నాడు. బాల్టిమోరు వీధుల్లో తెల్ల పిల్లలకు రొట్టెముక్కలు ఇచ్చి పాఠాలు కొనుక్కున్నాడు. ఈ కథ చెప్పినప్పుడు మా తోటల పిల్లలకు అమెరికా ఎంతో దూరం అనిపించలేదు.

తిరిగి ఆ 1996 నాటి పిల్లవాడి దగ్గరకు వస్తాను. కొన్ని వారాల తరువాత వాణ్ణి పిలిచి ఉన్న సంగతి చెప్పాను. "ఆ అరుగు మీద మీవాళ్ళను కూర్చోనిచ్చి ఉండరురా. వాళ్ళు ఎక్కడ ఉండేవాళ్ళో రాసిన పుస్తకం నాకు దొరకలేదు. మీ ఇంట్లో అడిగి రాసుకురా" అన్నాను. వాడు మర్నాడు తన నాయనమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె వరండా మెట్టు మీదనే కూర్చున్నది, లోపలికి రమ్మంటే రాలేదు.

"నా బతుకులో రాసేదానికేముంది పంతులుగారూ? అక్షరం ముక్క రానిదాన్ని" అన్నది.

"కళ్ళు లేని చిలకమర్తివారు చెప్పి రాయించారమ్మా. నువ్వూ చెప్పు, నీ మనవడు రాస్తాడు" అన్నాను.

వేసవి సెలవుల్లో వాడు రాసుకొచ్చిన ఎనిమిది పుటలు ఇప్పటికీ నాకు జ్ఞాపకం. కొత్తగా నాటిన అంటు మొక్కలకు ఆమె కుండలతో నీళ్ళు మోసింది. ఏ చెట్టు చిన్నరసం, ఏ చెట్టు పెద్దరసం అన్నది ఆకు నలిపి వాసన చూసి చెప్పేది. చిక్కంతో కోసిన కాయలను లెక్కపెట్టే పని ఆమెది. చేతికి రెండు చొప్పున రెండు చేతుల్లో నాలుగు కాయలు, అది ఒక పుంజీ. ఇరవై అయిదు పుంజీలయితే వంద. ప్రతి వందకూ ఒక పుల్ల పక్కన పెట్టేది. సాయంకాలం ఆసామి గుమాస్తా పుస్తకంలో లెక్క తప్పితే ఆమె పుల్లలు చూసి దిద్దుకునేవాడట. ఆసామి పిల్లలు బడికి పోతుంటే తానూ ఒకనాడు పలక పట్టుకుని వెనుక నడిచిందట. గుమ్మం దగ్గర ఆపి, తోటకు పొమ్మన్నారట. "ఆ రోజు చెట్టు కింద కూర్చుని పుంజీలు లెక్కపెట్టుకున్నాను" అన్న మాటతో ఆ పుటలు ముగిశాయి.

తాతల తాతలు ఎక్కడ కూర్చున్నారన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అది. మన్రో పట్టికలో అటువంటి గడి లేదు.

అయితే ఉపాధ్యాయ మిత్రులకు ఒక హెచ్చరిక కూడా చేయాలి. స్వీయచరిత్రలో ఉన్నదంతా సత్యమని పిల్లలకు చెప్పకూడదు. మనిషి తనను గురించి చెప్పుకునేటప్పుడు కొన్ని దాస్తాడు, కొన్ని పెంచుతాడు, కొన్ని నిజంగానే మరచిపోతాడు. వీరేశలింగంగారి గ్రంథంలో ప్రత్యర్థులు ఆయన చూపుతోనే కనబడతారు. వారికి తమ వాదం తాము చెప్పుకునే వీలు అక్కడ లేదు. దళిత స్వీయచరిత్ర అయినా, స్త్రీల స్వీయచరిత్ర అయినా ఈ పరీక్షకు నిలబడవలసిందే. అయితే తప్పు పట్టడమే పాఠం చేసుకున్నా ప్రమాదమే. సాక్షిని అడిగినట్లు మర్యాదగా అడగాలి, చెప్పినది శ్రద్ధగా వినాలి, వేరొక సాక్షితో సరిచూడాలి. చరిత్ర చదవడమంటే ఇంతేనని నా నమ్మకం. రాజుల పట్టాభిషేకాల కన్న ఒక పూటకూళ్ళ ఇంటి వంటగది ద్వారా ఈ విద్య సులభంగా అబ్బుతుంది.

మరొక జాగ్రత్త. పిల్లలను ఇంటి కథలు రాయమన్నప్పుడు అందరి ముందూ చదవమని నిర్బంధించరాదు. కొన్ని ఇళ్ళలో చెప్పుకోలేని అప్పులుంటాయి, అవమానాలుంటాయి. నేను మొదటి ఏడాది ఈ పొరపాటు చేసి ఒక అమ్మాయిని ఏడిపించాను. ఆ తరువాత చదవడం, చదవకపోవడం రాసినవారి ఇష్టానికే వదిలాను. మార్కులు కూడా వేయలేదు. బతుకుకు మార్కులు వేసే అధికారం పండితుడికి లేదు.

2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ వచ్చింది. గ్రామీణ బడుల్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు ఎన్నో జిల్లాల నుంచి వచ్చి చేరారు. 2022లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. సరిహద్దులు మారతాయి, పట్టికల గడులు మారతాయి. వంశంలో మొదటిసారి పుస్తకం పట్టినవాడు, తనవంటివాడు ఆ పుస్తకంలో ఉన్నాడా అని వెతుక్కోవడం మాత్రం మారలేదు.

చదువరులలో ఉపాధ్యాయులుంటే ఒక మనవి. ఈ వేసవి సెలవులకు ముందు, పిందె కాయ అయ్యే ఆ రెండు వారాల్లో, మీ గ్రంథాలయపు బీరువా ఒకసారి తెరవండి. వీరేశలింగంగారిని తీయండి, ప్రకాశంగారిని తీయండి, పక్కనే జాషువాగారినీ సత్యవతిగారినీ తీయండి. పిల్లలకు కాసేపు చదివి వినిపించండి. వెనుక వరుసలో ఎవరైనా లేచి నిలబడితే, నావలె రేపు చెబుతానని కూర్చోబెట్టకండి.